అడ్రినల్ గ్రంథులు పని చేయనప్పుడు



ఈసారి చాలామంది పేరు కూడా వినని ఒక జబ్బు గురించి రాస్తున్నాము. షుగరు, బి.పి.ల మాదిరి ఇది ఇంటింటికీ ఉండేది కాదు. గుర్తుపడితే దినమునకు రెండు మూడు చిన్న గోలీలతో మనిషి అందరిలాగే పొలం పని చేసుకొని, పిల్లల పెళ్ళిళ్ళు చేసుకొని బ్రతుకుతాడు. గుర్తుపట్టకపోతే ఒక మామూలు జ్వరమో, రెండు పూటల వాంతులో అతని ప్రాణం తీసుకుపోతాయి. ఇంత తేడా ఉన్న జబ్బులు తక్కువ. అందుకే ఈ పేజీలు దీనికి కేటాయించాము.

ఒక మనిషిని ఊహించుకుందాం. పేరు అక్కరలేదు. ఇటువంటివారు సిర్గాపూర్ నుండి రావచ్చు, కంగ్టి, కల్హేర్, మనూర్ ఏ వైపు నుండైనా రావచ్చు. వయసు యాభై దాటింది. ప్రతి ఏడూ చెరుకు కొట్టడానికి పోయి వస్తాడు. మోకాళ్ళు పట్టేశాయి. ఊళ్ళో సూదులు వేసే ఆయన దగ్గర వారానికొక కాగితపు పొట్లం తెచ్చుకుంటాడు. అందులో ఒక తెల్ల గోలీ, ఒక పసుపు గోలీ, ఇంకొకటి చాలా చిన్నది. వేసుకున్న కొద్దిసేపటికే నొప్పి తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒంట్లో హుషారు వస్తుంది. ఏడాదిన్నర ఇలాగే గడిచింది. ముఖం గుండ్రంగా నిండింది. "మంచిగైనవ్ అన్నా" అన్నారు చూసినవాళ్ళు.

ఒకరోజు పట్నం నుండి వచ్చిన అల్లుడు పొట్లం చూసి, "మామా, గివి తింటే కిడ్నీలు ఖరాబైతయ్, బంద్ చెయ్" అన్నాడు. మంచి మాటే. మామ ఆ రోజే మొత్తం మానేశాడు. నాలుగో రోజుకు ఒళ్ళంతా నొప్పులు, అన్నం సయించదు. ఎనిమిదో రోజుకు కాస్త జ్వరం, వాంతులు, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవడం. ఊళ్ళో రెండు గ్లూకోజ్ బాటిళ్ళు ఎక్కించారు. కొంచెం తేరుకున్నాడు, మళ్ళీ పడిపోయాడు. ఆసుపత్రికి తెచ్చేసరికి బి.పి. 70, చేతులు చల్లబడి, పిలిస్తే సరిగా పలకడం లేదు.

ఇటువంటి మనిషి మంచం పక్కన అడగవలసిన మొదటి ప్రశ్న, "ఇంతకుముందు ఏమైనా మందులు వాడేవాడా?" అని. ఇంటివాళ్ళు చెప్పే జవాబు దాదాపు ఒక్కటే: "మందులేం లేవ్ సారూ. నొప్పుల గోలీలు తింటుండె, అంతే. గవి గూడ బంద్ వెట్టిండు."

ఆ అతి చిన్న గోలీయే స్టెరాయిడ్. దానిని ఒక్కసారిగా మానడం వలన అతని శరీరంలో ఏమి జరిగిందో తెలియాలంటే ముందు రెండు చిన్న గ్రంథుల గురించి తెలుసుకోవాలి.

కిడ్నీల మీద రెండు టోపీలు

మన రెండు కిడ్నీల పైన చిన్న టోపీల వలె రెండు గ్రంథులు కూర్చుని ఉంటాయి. వీటిని అడ్రినల్ గ్రంథులు అంటారు. పాఠ్యపుస్తకాలలో అధివృక్క గ్రంథులు అని రాస్తారు. ఒక్కొక్కటి 4 లేక 5 గ్రాముల బరువు మాత్రమే. ఇంత చిన్నవి కనుక చాలాకాలం వరకు వైద్యులు కూడా వీటిని లెక్కచేయలేదు.

ఈ గ్రంథుల పై పొరలో తయారయ్యే ముఖ్యమైన హార్మోను కార్టిసాల్. రక్తంలో చక్కెర మరీ పడిపోకుండా, రక్తనాళాలు సడలిపోకుండా, జ్వరం గాని దెబ్బ గాని ఆపరేషన్ గాని వచ్చినప్పుడు శరీరం తట్టుకొని నిలబడేలా ఇది చూస్తుంది. తెల్లవారుజామున దీని ఊట పెరిగి, మనం నిద్రలేచే వేళకు ఎక్కువగా ఉంటుంది, అర్ధరాత్రికి బాగా తగ్గుతుంది. జబ్బు చేసిన రోజున ఆరోగ్యవంతుని గ్రంథులు ఎవరూ చెప్పకుండానే మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కార్టిసాల్‌ను విడుదల చేస్తాయి. అదే పొరలో తయారయ్యే ఆల్డోస్టెరాన్ అనే ఇంకొక హార్మోను ఒంట్లోని ఉప్పు మూత్రంలో కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుంది.

ఈ గ్రంథులకు పై అధికారి ఉన్నాడు. మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి. రక్తంలో కార్టిసాల్ తగ్గితే "పని చేయండి" అని ఒక హార్మోను ద్వారా కబురు పంపుతుంది. చాలినంత ఉంటే ఊరుకుంటుంది. మనం బయటి నుండి నెలల తరబడి స్టెరాయిడ్ గోలీలు మింగితే పిట్యూటరీ ఏమనుకుంటుంది? కావలసినంత ఉంది కదా అని కబురు మానేస్తుంది. కబురు రాక అడ్రినల్ గ్రంథులు పని మరచి కుంచించుకుపోతాయి. ఒక రోజు గోలీ ఆపేస్తే బయటి నుండి రాదు, లోపల తయారు కాదు. నిద్రపోయిన గ్రంథులు మళ్ళీ లేవడానికి వారాలు, నెలలు, కొందరికి ఏడాది పైన కూడా పడుతుంది.

మన ఊహలోని చెరుకు కూలీకి జరిగినది ఇదే. గ్లూకోజ్ నీళ్ళతో కాసేపు నిలబడ్డాడు గాని, ఒంట్లో లేనిది గ్లూకోజ్ కాదు, కార్టిసాల్.

స్టెరాయిడ్ శత్రువు కాదు

ఇది చదివి "స్టెరాయిడ్ అంటే విషం" అనుకోవద్దు. ఆయాసం, కొన్ని రకాల కీళ్ళవాతం, కొన్ని కిడ్నీ జబ్బులు, చర్మవ్యాధులలో ఇవి ప్రాణం కాపాడే మందులు. 2020లో ఇంగ్లాండులో జరిగిన పెద్ద పరిశోధనలో ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులలో డెక్సామెథసోన్ అనే చౌకైన స్టెరాయిడ్ మరణాలను తగ్గించిందని తేలింది. తెలియకుండా, అవసరం లేకుండా, లెక్క లేకుండా వాడటమే కీడు. వాడినదానిని ఒక్కసారిగా ఆపడం అంతకంటే పెద్ద కీడు.

లెక్కగా వాడి లెక్కగా తగ్గించడం ఎలాగో చూడాలంటే కుష్ఠు వైద్యం మంచి ఉదాహరణ. మన పొరుగున నిజామాబాదు వైపు డిచ్‌పల్లిలో 1915లో వెస్లియన్ మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు ఆసుపత్రి ప్రారంభించిన సంగతి మన పెద్దలకు తెలుసు. ఆమె కాలంలో స్టెరాయిడ్లు లేవు. తరువాతి రోజులలో కుష్ఠు రోగులకు నరాలు వాచి చేయి, కాలు పడిపోయే స్థితి వస్తే ప్రెడ్నిసొలోన్ ఇవ్వడం మొదలైంది. సాధారణంగా దినమునకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలకొకసారి 30, 20, 15, 10, 5 అని దించుతూ 12 వారాలకు ఆపుతారు. మెట్లు దిగినట్లు దిగడం అంటే ఇదే. మిద్దె మీది నుండి దూకడం కాదు.

మీ ఇంట్లో ఉన్న గోలీ స్టెరాయిడో కాదో ఎలా తెలుస్తుంది? అట్ట మీద ప్రెడ్నిసొలోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, డిఫ్లజాకార్ట్ అనే పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడే. వైసోలోన్, బెట్నెసాల్, డెక్సోనా అనేవి మన వైపు ఎక్కువగా వినబడే పేర్లు. అట్ట లేకుండా కాగితపు పొట్లంలో ఇస్తే ఎవరికీ తెలియదు, చిక్కు అక్కడే ఉంది. అట్టతో ఇవ్వమని అడగండి. అడగడం మీ హక్కు. ఆయాసానికో కీళ్ళకో అని పేరు లేని డబ్బాలో అమ్మే కొన్ని చూర్ణాలలో కూడా స్టెరాయిడ్ కలిపి ఉండటం పరీక్షలలో బయటపడింది. ముఖం తెల్లబడటానికి రాసుకునే కొన్ని క్రీములలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. మోకాలిలో మాటిమాటికీ వేయించుకునే సూదులు కూడా లెక్కలోకి వస్తాయి.

మూడు నాలుగు వారాలకు మించి దినమునకు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ గాని అంతకు సమానమైనది గాని వాడినవారు ఎవరైనా సరే, సొంతంగా ఆపకూడదు. ఇంతకాలం వాడానని చెప్పడానికి సిగ్గుపడవద్దు. మా దగ్గర ఎవరూ మిమ్మల్ని కోప్పడరు. కోప్పడితే ఈ పేజీ చూపించండి.

క్షయ చేసే పని

1855లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. నీరసించి, బక్కచిక్కి, చర్మం నల్లబడి చనిపోయిన 11 మంది రోగుల సంగతి అందులో ఉంది. వారి శరీరాలను కోసి చూస్తే అడ్రినల్ గ్రంథులు పాడై ఉన్నాయి. పాడుచేసినది పలువురిలో క్షయ, అనగా టి.బి. ఈ జబ్బుకు ఆయన పేరే నిలిచి అడిసన్ వ్యాధి అయింది.

నేడు ఐరోపా, అమెరికా దేశాలలో అడిసన్ వ్యాధికి ముఖ్య కారణం టి.బి. కాదు. శరీరపు రక్షణ వ్యవస్థ పొరబడి తన గ్రంథుల మీదనే దాడి చేయడం. మన దేశంలో టి.బి. ఇంకా ముఖ్య కారణాలలో ఒకటిగానే ఉంది. ఊపిరితిత్తులలో చేరిన క్రిమి రక్తం ద్వారా ఈ గ్రంథులకు చేరి సంవత్సరాల తరబడి మెల్లగా తినేస్తుంది. నూటికి తొంభై వంతులు పోయేదాకా మనిషికి తెలియదు. అందుచేత పదేళ్ళ క్రిందట టి.బి. మందులు వాడి బాగైనవారికి కూడా ఇది ఇప్పుడు బయటపడవచ్చు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. టి.బి. మందులలో మూత్రాన్ని ఎర్రగా చేసేది రిఫాంపిసిన్. చాలా మంచి మందు. అయితే ఇది కాలేయాన్ని తొందరపెట్టి ఒంట్లోని కార్టిసాల్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. గ్రంథులు అంతంత మాత్రంగా ఉన్నవారికి టి.బి. మందులు మొదలుపెట్టిన కొద్ది దినాలలోనే వాంతులు, తీవ్రమైన నీరసం, బి.పి. పడిపోవడం జరగవచ్చు. ఇంటివాళ్ళు "మందు పడలేదు, వేడి చేసింది" అని టి.బి. మందులే మానిపించేస్తారు. అప్పుడు రెండు జబ్బులూ మిగులుతాయి. చేయవలసినది మందు మానడం కాదు. ఆసుపత్రికి వచ్చి బి.పి., సోడియం, కార్టిసాల్ చూపించుకోవడం. ముందే స్టెరాయిడ్ వాడుతున్నవారికి రిఫాంపిసిన్ ఇచ్చినంత కాలం మోతాదు పెంచాలి, సాధారణంగా రెండింతలు గాని అంతకు మించి గాని. ఆశా కార్యకర్తలుగా పని చేస్తున్న మన సహోదరీలు ఈ ఒక్క పేరా దాచుకోవాలని కోరుతున్నాము.

టి.బి. మందుల కోర్సు పూర్తయినా పాడైన గ్రంథులు సాధారణంగా తిరిగి పనికి రావు. స్టెరాయిడ్ గోలీ జీవితాంతం ఉంటుంది.

కాన్పులో రక్తం పోయిన తల్లులు

మూడవ దారి స్త్రీలది. కాన్పు సమయంలో విపరీతంగా రక్తం పోతే, గర్భకాలంలో పెద్దదై ఎక్కువ రక్తం కోరుతున్న పిట్యూటరీ గ్రంథికి రక్తం అందక దెబ్బ తింటుంది. 1937లో హెరాల్డ్ షీహాన్ అనే వైద్యుడు దీనిని వివరించాడు. ఇంట్లోనో తండాలోనో కాన్పులయ్యే కాలంలో మన ప్రాంతపు తల్లులెందరికో రక్తం పోయింది. బ్రతికి బయటపడ్డారు, దేవునికి స్తోత్రం అనుకున్నారు. కాని ఆ బిడ్డకు పాలు పడలేదు. ముట్టు మళ్ళీ రాలేదు. చంకలలో వెంట్రుకలు రాలిపోయాయి. చలి ఎక్కువ, మాట మెల్లన, ఎప్పుడూ నీరసం. బిడ్డ పెద్దదై బడికి పోయే వయసు వచ్చినా తల్లి కోలుకోలేదు.

ఇటువంటి తల్లిని సోమరి అన్నారు, దయ్యం పట్టింది అన్నారు, బాణామతి అన్నారు. ఆమెకు లేనిది హార్మోన్లు. "ఆ కాన్పులో ఎంత రక్తం పోయిందమ్మా? పాలు పడ్డాయా?" అనే రెండు ప్రశ్నలు అడిగితే సగం జవాబు దొరుకుతుంది. ఇక్కడ వైద్యులకు కూడా ఒక జాగ్రత్త. వీరిలో థైరాయిడ్ కూడా తక్కువగా ఉంటుంది. స్టెరాయిడ్ ఇవ్వకుండా ముందుగా థైరాయిడ్ గోలీ ఇస్తే ప్రాణాపాయం కలగవచ్చు. ముందు స్టెరాయిడ్, తరువాత థైరాయిడ్.

రక్తపింజర కాటు తరువాత కూడా కొందరిలో ఇదే గ్రంథి దెబ్బ తింటుంది. పాముకాటు నుండి బ్రతికినవారు నెలల తరబడి కోలుకోకపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఎలా గుర్తుపట్టాలి?

కష్టం ఇక్కడే. నీరసం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, వికారం, కడుపునొప్పి, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. వీటిలో ఏది చెప్పినా "గ్యాస్" అని ఒక గోలీ, "రక్తం తక్కువ" అని ఒక టానిక్ ఇచ్చి పంపేవారే ఎక్కువ. నిజానికి ఎక్కువమందికి అదే అయి ఉంటుంది కూడా. అయితే రెండు గుర్తులు ఈ జబ్బును పట్టిస్తాయి.

ఒకటి ఉప్పు మీద ఆశ. ఉత్త ఉప్పు నాకడం, పచ్చడి, ఊరగాయ రసం తాగడం, కూరలో ఎంత వేసినా చాలలేదనడం. ఒంట్లో ఉప్పు నిలవనందున శరీరమే అడుగుతుంది. ఇది అడ్రినల్ గ్రంథులే పాడైనవారిలో కనబడుతుంది.

రెండవది నలుపు. గ్రంథులు జవాబు చెప్పనప్పుడు పిట్యూటరీ మరీ మరీ కబురు పంపుతుంది. ఎక్కువైన ఆ హార్మోను చర్మంలోని రంగు కణాలను కూడా తట్టి లేపుతుంది. మనలో ఎండలో పని చేసేవారికి ముఖం నల్లబడితే ఎవరికి అనుమానం వస్తుంది? కనుక ముఖం కాదు, ఎండ తగలని చోట్లు చూడాలి. అరచేతి గీతలు, చిగుళ్ళు, బుగ్గల లోపలి భాగం, నాలుక, పాత గాయపు మచ్చలు. వీటితో పాటు చేతివేళ్ళ కణుపులు కూడా. అవి కొత్తగా నల్లబడితే అది ఎండ వలన కాదు. పాత ఆధార్ కార్డు ఫోటోనో పెళ్ళి ఫోటోనో పక్కన పెట్టుకొని చూడండి, తేడా ఇంటివాళ్ళకే తెలుస్తుంది. గోలీలు ఆపినందున జబ్బు వచ్చినవారిలో, కాన్పు తరువాత వచ్చినవారిలో కబురే ఉండదు గనుక ఈ నలుపు ఉండదు. నలుపు లేదు కాబట్టి జబ్బు లేదనుకోకూడదు.

పరీక్షలు పెద్దవేమీ కావు. రక్తంలో సోడియం, పొటాషియం, చక్కెర. ఉదయం 8 గంటల ప్రాంతంలో తీసిన రక్తంలో కార్టిసాల్. అది డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపు ఉంటే జబ్బు దాదాపు ఖాయం. 15, 18 దాటితే దాదాపు లేనట్లే. మధ్యలో ఉంటే గ్రంథిని తట్టే సూది ఇచ్చి అరగంటకు, గంటకు మళ్ళీ రక్తం తీసి చూస్తారు. టి.బి. అనుమానం ఉంటే ఛాతీ ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష, కడుపు స్కానింగ్ చేస్తారు. కొన్ని పరీక్షలకు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హైదరాబాదు పోవలసి రావచ్చు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రులలో హార్మోన్ల జబ్బుల ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. అయితే మనిషి పడిపోయి ఉంటే పరీక్షల కోసం ఆగకూడదు. ముందు సూది, తరువాత కాగితాలు.

వైద్యం

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఒక కీళ్ళవాతపు రోగికి కార్టిసోన్ మొదటిసారి ఇచ్చారు. దానిపై పరిశోధన చేసిన కెండాల్, రీచ్‌స్టీన్, హెంచ్ అనే ముగ్గురికి 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. దానికి ముందు అడిసన్ వ్యాధి అంటే మరణమే. తరువాత కథ మారింది. అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనడీకి 1947లో లండన్‌లో ఉండగా ఈ జబ్బు అని తేలింది. స్టెరాయిడ్లు వాడుతూనే ఆయన 1961లో దేశాధ్యక్షుడయ్యాడు. జబ్బు సంగతి మాత్రం ప్రజలకు చెప్పకుండా దాచారు. మనవాళ్ళు దాచితే ఆశ్చర్యమేముంది!

పెద్దవారికి సాధారణంగా హైడ్రోకార్టిసోన్ దినమునకు 15 నుండి 25 మిల్లీగ్రాములు ఇస్తారు. నిద్ర లేవగానే ఎక్కువ భాగం, మధ్యాహ్నం కొంత, అవసరమైతే సాయంత్రం లోపు కొంత. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. అది దొరకకపోతే ఉదయం ఒకసారి 3 నుండి 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ ఇస్తాము. గ్రంథులే పాడైనవారికి ఉప్పును నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ అనే గోలీ కూడా కావాలి. ఇది చిన్న ఊళ్ళ దుకాణాలలో ఎల్లప్పుడూ దొరకదు. ఒక నెల మందు ఎప్పుడూ ముందుగా ఇంట్లో ఉంచండి. చెరుకు కొట్టడానికి వెళ్ళే కుటుంబాలు తిరిగి వచ్చేదాకా సరిపోయే మందు మూటలో కట్టుకొనే బయలుదేరాలి.

ఫ్లూడ్రోకార్టిసోన్ వాడేవారికి ఉప్పు తగ్గించవద్దు. పొరుగింటి బి.పి. రోగికి చెప్పిన సలహా వీరికి పనికిరాదు. ఎండాకాలంలో ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి ఇంకా ఎక్కువగా తాగాలి.

"జీవితమంతా స్టెరాయిడ్ తింటే ముఖం ఉబ్బదా, ఎముకలు అరగవా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నొప్పుల పొట్లంలో పోయినది శరీరానికి అవసరమైనదాని మీద అదనం. ఇక్కడ ఇచ్చేది శరీరం తానే చేసుకోవలసినది, అంతే కొలత. షుగరు రోగికి ఇన్సులిన్ ఇచ్చినట్లు. మోతాదు సరిగా ఉందా అని బరువు, బి.పి. చూస్తూ ఉంటాము.

జ్వరం వచ్చిన రోజు

ఆరోగ్యవంతుని గ్రంథులు జబ్బు రోజున ఎక్కువ పని చేస్తాయని పైన రాశాము. ఈ రోగికి ఆ పని గోలీ చేయాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఆ రోజు హైడ్రోకార్టిసోన్ మోతాదు రెండింతలు, 102 దాటితే మూడింతలు వేసుకోవాలి. జ్వరం తగ్గిన తరువాత ఒకటి రెండు రోజులలో మామూలు మోతాదుకు రావాలి. గోలీ వేసుకున్న అరగంట లోపల వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. మళ్ళీ వాంతి అయితే ఇక గోలీతో పని లేదు, సూది కావాలి. విరేచనాలు ఆగకపోయినా అంతే. పన్ను తీయించుకొనే ముందు, ఆపరేషన్‌కు ముందు, కాన్పుకు ముందు డాక్టరుకు తప్పక చెప్పాలి. ఈ జబ్బు ఉన్న స్త్రీలు గర్భం ధరించవచ్చు, బిడ్డను కనవచ్చు. ఆసుపత్రిలో కనాలి.

ఆ సూది హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు. ఆయాసానికి, అలర్జీకి వాడేదే గనుక చిన్న ఆసుపత్రులలో కూడా ఉంటుంది. ఒక బుడ్డి, నీళ్ళ సీసా, సిరంజి ఇంట్లో ఉంచుకోమంటాము. ఎండ తగలని చల్లని చోట పెట్టాలి. తొడ కండలోకి ఎలా వేయాలో ఇంట్లో ఒకరికి మా సిస్టరమ్మలు నేర్పుతారు. సూది వేసి 108కు ఫోను చేయండి. బండి వచ్చేదాకా ఎదురు చూసి తరువాత వేద్దామనుకోవద్దు. సూది వేసినందున ఈ రోగికి నష్టం లేదు, వేయనందున ఉంది.

ఉపవాసము, స్వస్థత కూటములు

ఈ మాట మన సంఘములలోనే చెప్పుకోవాలి. శ్రమకాల దినాలలో నలభై రోజులు ఉపవాసం ఉండే అలవాటు మనలో ఉంది. నీళ్ళు కూడా తాగని ఉపవాసం ఈ జబ్బు ఉన్నవారు చేయకూడదు. చక్కెర పడిపోతుంది, నీరు తగ్గిపోతుంది. ఒక పూట మానుకొని మంచినీళ్ళు, ఉప్పు, గోలీలు వేళకు తీసుకొనేట్లు ఏర్పాటు చేసుకోవచ్చునేమో డాక్టరుతో మాట్లాడి, అయ్యగారితో కూడా చెప్పండి. రంజాన్ నెలలో మన పొరుగువారికి కూడా ఇదే సలహా.

స్వస్థత కూటములకు వెళ్ళి వచ్చి "ఇక మందులు వద్దు" అని గోలీలు పారవేసేవారు ఉంటారు. బి.పి. గోలీ మానితే ముప్పు వెంటనే కనబడకపోవచ్చు. ఈ గోలీ మానితే ఒకటి రెండు దినాలలోనే ప్రాణం మీదికి రావచ్చు. ప్రార్థన మానమని మేము ఎన్నడూ అనము. మేమూ మంచం పక్కన ప్రార్థన చేసేవారమే. హిజ్కియా రాజు ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, అయినా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద పెట్టించాడు యెషయా ప్రవక్త. లూకా వైద్యుడు. పాస్టరు అయ్యగార్లకు మా మనవి: కూటమిలో సాక్ష్యం చెప్పడానికి లేచినవారిని "గోలీలు వేసుకుంటున్నావా తమ్ముడా?" అని ఒక్క మాట అడగండి.

జేబులో కార్డు

క్రింది మాటలు ఒక అట్టముక్క మీద రాసి చొక్కా జేబులో గాని, తాళితో పాటు పర్సులో గాని ఎప్పుడూ ఉంచుకోండి. మనవాళ్ళు వైద్యానికి బీదరు కూడా వెళ్తారు కనుక వెనుక వైపు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాయించుకోండి. రాయడం రానివారికి మా ఓ.పి. కౌంటరులో రాసి ఇస్తాము.

"నాకు అడ్రినల్ గ్రంథుల లోపం ఉంది. నేను ప్రతి దినము స్టెరాయిడ్ వాడుతున్నాను. దానిని ఆపకూడదు. నేను స్పృహ లేకుండా గాని, వాంతులతో గాని, బి.పి. పడిపోయి గాని కనబడితే వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి గాని కండలోకి గాని ఇవ్వండి. సెలైన్ ఎక్కించండి. రక్తపరీక్షల కోసం ఆగవద్దు."

దాని క్రింద మీ పేరు, వాడుతున్న మందులు, మోతాదు, ఇంటివాళ్ళ ఫోను నంబరు. మోతాదు మారినప్పుడల్లా కార్డు కూడా మార్చాలి.